గడిలో అంకెను మార్చినది ఎవరు? – ప్రయోగ దత్తాంశ పత్రాలలో మార్పు మూలాన్ని గుర్తించే మాక్రోలు

క్షేత్ర ప్రయోగంలో పంట కోసిన నాటి నుండి సిఫారసు వెలువడే వరకు దత్తాంశం ప్రయాణించే దారి పొడవైనది. త్రాసు మీద చూసిన బరువు ఫీల్డు పుస్తకంలోకి, అక్కడ నుండి స్ప్రెడ్‌షీట్‌లోకి, ఆపై సాంఖ్యక విశ్లేషణలోకి, చివరకు రైతు చేతికి చేరే కరపత్రంలోకి వెళ్తుంది. ఈ దారిలో అందరూ ఎక్కువగా నమ్మేదీ, తక్కువగా పరీక్షించేదీ స్ప్రెడ్‌షీటే. ఫీల్డు పుస్తకంలో అంకెను దిద్దితే కొట్టివేత కనిపిస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో పాత అంకె జాడ లేకుండా పోతుంది. ఒక గడిలోని విలువ మారినదని తెలిసినా, దానిని మనిషి మార్చాడా, సూత్రం మార్చిందా, మాక్రో మార్చిందా అన్నది పత్రాన్ని చూసి చెప్పడం సాధ్యం కాదు.

దీనికి ఒక సాధారణ ఉదాహరణ ప్రయోగ ప్రణాళికలోనే ఉంది. ఆర్.బి.డి. పద్ధతిలో ట్రీట్‌మెంట్లను మడులకు యాదృచ్ఛికంగా కేటాయించడానికి విద్యార్థులు ఎక్సెల్‌లోని ర్యాండ్ ఫంక్షన్‌ను వాడుతుంటారు. ఆ సంఖ్యలకు ర్యాంక్ సూత్రం జోడించి, ఏ మడికి ఏ ట్రీట్‌మెంటో రాబట్టుతారు. కాగితం మీద ముద్రించుకొని పొలంలో గుర్తు కర్రలు నాటుతారు. అయితే ర్యాండ్ ఫంక్షన్ పత్రం పునర్గణన జరిగిన ప్రతిసారీ కొత్త సంఖ్యను ఇస్తుంది. ఎక్కడో ఒక గడిలో ఏదైనా టైపు చేసినా, ఫైలును మరునాడు తెరిచినా కేటాయింపు మారిపోతుంది. సూత్రాలను విలువలుగా మార్చి స్థిరపరచనిచో, కోత సమయానికి పొలంలోని ప్రణాళిక ఒకటి, ఫైలులోని ప్రణాళిక మరొకటి అవుతాయి. ముద్రించిన కాగితం పోయినచో ఆ సీజను శ్రమ అంతా నిరర్థకం. ఇక్కడ గడులను ఎవరూ చేతితో తాకలేదు; అయినా అవి మారినవి.

మార్పులన్నీ ఒక రకానివి కావు

ప్రయోగ పత్రంలో గడి విలువ మారడానికి ప్రధానంగా ఐదు మూలాలు ఉంటాయి. మొదటిది, వినియోగదారు ఒక గడిలో నేరుగా టైపు చేయడం. రెండవది, అనేక గడులను ఒకేసారి మార్చే పనులు: అతికించడం, క్రిందికి లాగి నింపడం, తుడిచివేయడం. మూడవది, పత్రం నిర్మాణాన్ని మార్చే పనులు, అనగా వరుసలను, నిలువు వరుసలను చేర్చడం లేదా తొలగించడం. నాల్గవది, మాక్రో స్వయంగా గడిలో వ్రాయడం. ఐదవది, పునర్గణన: సూత్రానికి ఆధారమైన గడి మారడం వలన గాని, ర్యాండ్, టుడే వంటి అస్థిర ఫంక్షన్ల వలన గాని ఫలితం మారడం.

వీటిని వేరుచేయవలసిన అవసరం ఏమిటో తేమ సవరణ ఉదాహరణ చూపుతుంది. వరి గింజ దిగుబడిని 14 శాతం తేమకు సవరించడం పరిపాటి. నికర మడి వైశాల్యం 20 చదరపు మీటర్లు, కోసినపుడు గింజ బరువు 10.8 కిలోలు, తేమ 20 శాతం అయినచో, సవరించిన బరువు 10.8ను 80తో గుణించి 86తో భాగించగా 10.05 కిలోలు, హెక్టారుకు 5,023 కిలోలు. పత్రంలో ఈ ప్రామాణిక తేమ ఒక గడిలో ఉండి, సూత్రాలన్నీ దానినే ఆధారం చేసుకొంటాయి. వేరొక పంటకు వాడిన పత్రాన్ని సరిచేసే క్రమంలో ఎవరో ఆ 14ను 12గా మార్చినచో, అదే మడి దిగుబడి 4,909 కిలోలకు తగ్గుతుంది. హెక్టారుకు 114 కిలోల తేడా వస్తుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఈ మార్పు అన్ని మడుల దిగుబడినీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తుంది. కనుక ఎఫ్ విలువ మారదు, ట్రీట్‌మెంట్ల వరుస క్రమం మారదు, విచలన గుణకం కూడా మారదు. దత్తాంశంలోని దోషాలను పట్టిస్తుందని భావించే సాంఖ్యక విశ్లేషణ ఈ దోషాన్ని పట్టించలేదు. కాని దిగుబడి, నికర ఆదాయం, ఖర్చు–ఫలసాయ నిష్పత్తి అన్నీ తప్పుతాయి. దీనికి భిన్నంగా ఒక్క మడి బరువు 10.8 బదులు 11.8గా నమోదైనచో ఆ మడి దిగుబడి 465 కిలోలు పెరిగి, నాలుగు రెప్లికేషన్ల సగటు 116 కిలోలు పెరుగుతుంది. సగటులో రెండు దోషాల పరిమాణం దాదాపు సమానమే. మొదటిది ఒకే ఒక గడిలోని మార్పు వలన పత్రమంతటా వ్యాపించినది. రెండవది ఒక మడికే పరిమితమైనది. నివారణ మార్గాలు కూడా వేరు. కాబట్టి మార్పును మాత్రమే కాక, మార్పు మూలాన్ని కూడా నమోదు చేయాలి.

ఛేంజ్ ఈవెంట్: అది చూసేది, చూడనిది

ఎక్సెల్‌లో మాక్రోలను విజువల్ బేసిక్ ఫర్ అప్లికేషన్స్ భాషలో వ్రాస్తారు. పత్రంలో ఏదైనా సంఘటన జరిగినపుడు తనంతట తాను నడిచే మాక్రోను ఈవెంట్ ప్రక్రియ అంటారు. గడి మారినపుడు నడిచేది వర్క్‌షీట్ ఛేంజ్ ఈవెంట్. ఏ గడులు మారినవో తెలిపే గడుల శ్రేణిని ఎక్సెల్ ఈ ప్రక్రియకు టార్గెట్ అన్న పేరుతో అందిస్తుంది. వర్క్‌బుక్‌లోని అన్ని షీట్లకు ఒకే ప్రక్రియ కావలసినచో వర్క్‌బుక్ మాడ్యూల్‌లో షీట్ ఛేంజ్ ఈవెంట్‌ను వాడవచ్చు. అది షీటును కూడా తెలుపుతుంది.

ఈ ఈవెంట్ పరిధిని సరిగా తెలిసికొనకపోవడం వలననే చాలా మాక్రోలు విఫలమవుతాయి. వినియోగదారు టైపు చేసినా, అతికించినా, డిలీట్ నొక్కినా, మాక్రో వ్రాసినా ఈ ఈవెంట్ నడుస్తుంది. పాత విలువనే మరల టైపు చేసి ఎంటర్ నొక్కినా నడుస్తుంది. కనుక ఈవెంట్ నడిచినంత మాత్రాన విలువ మారినట్లు కాదు. గడి రంగు మార్చితే నడవదు. అన్నింటికంటే ముఖ్యమైనది, పునర్గణన వలన సూత్రం ఫలితం మారినపుడు ఇది నడవదు. పై ఉదాహరణలో 14ను 12గా మార్చినపుడు టార్గెట్‌లో ఉండేది ఆ ఒక్క గడి మాత్రమే. దిగుబడి గడుల ప్రస్తావన అందులో రాదు. దిగుబడి నిలువు వరుస మీద మాత్రమే నిఘా పెట్టిన మాక్రో ఈ మార్పును ఎన్నటికీ చూడదు.

పునర్గణనకు కాలిక్యులేట్ అన్న వేరొక ఈవెంట్ ఉంది. అయితే ఏ గడి మారినదో అది చెప్పదు. షీటులో గణన జరిగినదని మాత్రమే తెలుపుతుంది. అందువలన ట్రీట్‌మెంట్ల సగటులు, ప్రణాళిక కేటాయింపు వంటి కీలక గడుల విలువలను ముందుగా వేరొక షీటులో ప్రతిగా ఉంచి, కాలిక్యులేట్ నడిచినపుడల్లా ప్రస్తుత విలువలతో పోల్చాలి. తేడా ఉన్నచో సమయంతో సహా నమోదు చేసి, ప్రతిని నవీకరించాలి. నమోదు పట్టికలో అదే క్షణాన ఛేంజ్ ఈవెంట్ నమోదు కూడా ఉన్నచో, ఆ గడి మార్పే కారణమని భావించి దాని మీద ఆధారపడే గడులను పరిశీలించవచ్చు. అటువంటి నమోదు లేనిచో అస్థిర ఫంక్షన్‌ను గాని, వేరొక ఫైలుకు ఉన్న లంకెను గాని అనుమానించాలి. విత్తిన నాటి నుండి గడిచిన రోజులను టుడే ఫంక్షన్‌తో గణించిన పత్రాలలో ఈ మార్పు ప్రతి దినం కనిపిస్తుంది. అక్కడ టుడే బదులు పరిశీలన తేదీని వాడడమే పరిష్కారం.

మూలాన్ని వేరుచేసే విధానం

ఛేంజ్ ఈవెంట్ నడిచినపుడు టార్గెట్ ఆకారమే కొంత సమాచారం ఇస్తుంది. ఒకే గడి ఉన్నచో అది సాధారణంగా టైపు చేసిన నమోదు. అనేక గడులు ఉన్నచో అతికింపు, నింపడం లేదా తుడిచివేత; గడులన్నీ ఖాళీగా ఉన్నచో తుడిచివేతగా భావించవచ్చు. టార్గెట్‌లోని నిలువు వరుసల సంఖ్య షీటులోని మొత్తం నిలువు వరుసల సంఖ్యకు, అనగా 2007 తరువాతి ఎక్సెల్‌లో 16,384కు సమానమైనచో, పూర్తి వరుసను చేర్చడమో తొలగించడమో జరిగి ఉంటుంది. మడి వరుసను పొరపాటున తొలగించడం ప్రయోగ పత్రాలలో అతి హానికరమైనది కనుక దీనికి ప్రత్యేక హెచ్చరిక ఉంచాలి. ఏ గడులు నిఘా పరిధిలో ఉన్నవో తేల్చడానికి టార్గెట్‌కు, ఎంచుకున్న శ్రేణికి ఉమ్మడి భాగాన్ని ఇచ్చే ఇంటర్‌సెక్ట్ పద్ధతి ఉపయోగపడుతుంది.

మనిషి చేసిన మార్పును, మాక్రో చేసిన మార్పును టార్గెట్ వేరుచేయలేదు. రెండింటికీ అది ఒకే విధంగా వస్తుంది. ఇందుకు నమ్మకమైన మార్గం ఒక గుర్తు చలరాశి. పత్రంలో వ్రాసే ప్రతి మాక్రో, వ్రాయడానికి ముందు తన పేరును వర్క్‌బుక్ మొత్తానికి అందుబాటులో ఉండే ఒక చలరాశిలో ఉంచాలి. పని ముగిసిన వెంటనే దానిని ఖాళీ చేయాలి. ఛేంజ్ ప్రక్రియ ఆ చలరాశిని చదివి, పేరు ఉన్నచో మార్పును ఆ మాక్రోకు, ఖాళీగా ఉన్నచో వినియోగదారుకు ఆపాదిస్తుంది. షీటు మీది బొమ్మకు లేదా బటన్‌కు జోడించిన మాక్రో అయినచో అప్లికేషన్ కాలర్ అన్న గుణం ఆ బటన్ పేరును తెలుపుతుంది. మాక్రో ఆ పేరును కూడా చలరాశిలో చేర్చవచ్చు.

పాత విలువను రాబట్టడం

నమోదులో పాత విలువ లేనిచో దాని ఉపయోగం సగమే. అయితే ఛేంజ్ ఈవెంట్ మార్పు జరిగిన తరువాత నడుస్తుంది. అప్పటికే పాత విలువ గడిలో ఉండదు. దానిని రాబట్టడానికి రెండు మార్గాలు ఉన్నాయి.

మొదటిది అన్‌డూ మార్గం. టార్గెట్‌లోని కొత్త అంశాలను భద్రపరచి, అప్లికేషన్ అన్‌డూతో వినియోగదారు చేసిన చివరి పనిని వెనుకకు మరల్చి, పాత అంశాలను చదివి, కొత్త వాటిని తిరిగి వ్రాయాలి. విలువలను కాక సూత్రాలను భద్రపరచాలి. లేనిచో సూత్రం ఉన్న గడి కేవలం అంకెగా మిగిలిపోతుంది. ఒకదానికొకటి ఆనుకొని లేని గడులు ఎంపికై ఉన్నచో ప్రతి భాగాన్ని విడిగా నిర్వహించాలి. ఈ మార్గానికి పరిమితులు కూడా ఉన్నాయి. మాక్రో చేసిన మార్పులను అన్‌డూ వెనుకకు మరల్చదు. అతికింపుతో వచ్చిన రంగులు, అలంకరణలు తిరిగి రావు. వరుసలను చేర్చిన, తొలగించిన సందర్భాలలో ఈ మార్గాన్ని వాడరాదు. అక్కడ సంఘటనను నమోదు చేసి ఊరుకోవాలి.

రెండవది ఎంపిక మార్గం. గడిని ఎంపిక చేసినపుడు నడిచే సెలెక్షన్ ఛేంజ్ ఈవెంట్‌లో ఆ గడి విలువను ముందుగానే దాచి, మార్పు జరిగినపుడు దానిని పాత విలువగా వాడాలి. ఇది సరళమైనది. కాని క్రిందికి లాగి నింపినపుడు ఎంపికకు వెలుపలి గడులు కూడా మారతాయి. వాటి పాత విలువలు దాచబడి ఉండవు. కర్సర్ కదలకుండా అదే గడిని రెండుసార్లు మార్చినచో రెండవ మార్పుకు పాత విలువ తప్పుగా నమోదవుతుంది. కనుక ప్రతి నమోదు తరువాత దాచిన విలువను నవీకరించాలి. బరువుల నమోదు వంటి ఒక్కొక్క గడి పనికి రెండవ మార్గం చాలును. అతికింపులు ఎక్కువగా ఉండే పత్రాలకు మొదటిది తగినది.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఛేంజ్ ప్రక్రియ గడిలో వ్రాసినచో అది మరల ఛేంజ్ ఈవెంట్‌ను రేకెత్తిస్తుంది. తన చర్య తననే పిలిచే ఈ వలయాన్ని ఆపడానికి, వ్రాసే ముందు ఎనేబుల్ ఈవెంట్స్ గుణాన్ని ఆపివేసి, తరువాత తిరిగి ప్రారంభించాలి. మధ్యలో దోషం వచ్చి ప్రక్రియ ఆగిపోయినచో ఆ గుణం ఆగిపోయిన స్థితిలోనే ఉంటుంది. అది ఒక్క పత్రానికి కాక ఎక్సెల్ అంతటికీ వర్తిస్తుంది. అప్పటి నుండి ఏ మార్పూ నమోదు కాదు, ఏ హెచ్చరికా రాదు. కనుక దోషం వచ్చినా రాకపోయినా ఈవెంట్లను తిరిగి ప్రారంభించే ముగింపు భాగం ప్రతి ప్రక్రియలో ఉండాలి. గుర్తు చలరాశిని ఖాళీ చేయడం కూడా ఆ భాగంలోనే జరగాలి.

ఎక్సెల్ తానే చేసే మార్పులు

టైపు చేసిన దానిని ఎక్సెల్ స్వయంగా వేరొక రూపంలోకి మార్చే సందర్భాలు వ్యవసాయ ప్రయోగాలలో తక్కువేమీ కాదు. మొక్కల మధ్య దూరాన్ని 20-10 అని వ్రాసినచో అది అక్టోబరు 20వ తేదీగా మారుతుంది. అదే నిలువు వరుసలో 20-15 మాత్రం అక్షర రూపంలోనే మిగులుతుంది. నత్రజని, భాస్వరం, పొటాష్ నిష్పత్తి 4-2-1 కూడా తేదీ అవుతుంది. 2ఇ5 అన్న రకం సంకేతాన్ని ఆంగ్లాక్షరంతో వ్రాసినచో అది రెండు లక్షలు అన్న సంఖ్య అవుతుంది. జన్యుశాస్త్రంలో ఈ సమస్య ఎంత విస్తృతమో 2016లో జీనోమ్ బయాలజీ పత్రికలో వచ్చిన పరిశీలన చూపింది: ఎక్సెల్ జన్యు జాబితాలు జతచేసిన వ్యాసాలలో సుమారు ఐదింట ఒక వంతులో జన్యువుల పేర్లు తేదీలుగానో సంఖ్యలుగానో మారి ఉన్నాయి. చివరకు 2020లో మానవ జన్యు నామకరణ సంఘం అటువంటి కొన్ని జన్యువుల పేర్లనే మార్చవలసి వచ్చింది.

ఈ రూపాంతరం ఛేంజ్ ఈవెంట్ నడవకముందే ముగుస్తుంది. టార్గెట్‌లో చేరేది తేదీయే; వ్యక్తి టైపు చేసినదేమిటో మాక్రోకు తెలియదు. అన్‌డూ కూడా అంతకు ముందున్న విలువనే ఇస్తుంది. కనుక సంకేతాలు వ్రాసే నిలువు వరుసలను ముందుగానే టెక్స్ట్ రూపంలో ఉంచడం మొదటి రక్షణ. ఛేంజ్ ప్రక్రియలో కొత్త విలువ రకాన్ని పరీక్షించి, తేదీ ఉండకూడని చోట తేదీ వచ్చినచో వెంటనే హెచ్చరించడం రెండవ రక్షణ. 2023 నుండి కొత్త ఎక్సెల్‌లో ఇటువంటి స్వయం రూపాంతరాలను ఆపివేసే ఎంపికలు కూడా అందుబాటులోకి వచ్చాయి.

నమోదు పట్టికలో ఏముండాలి

తేదీ, సమయం, వినియోగదారు పేరు, షీటు, గడి చిరునామా, పాత విలువ, కొత్త విలువ, మార్పు మూలం, కారణం అన్న తొమ్మిది అంశాలు చాలును. ఎక్సెల్‌లోని వినియోగదారు పేరును ఎవరైనా మార్చుకొనవచ్చును కనుక విండోస్ లాగిన్ పేరును కూడా నమోదు చేయడం మేలు. కారణాన్ని ప్రతి గడికి అడిగినచో వినియోగదారులు విసుగు చెంది అర్థం లేని అక్షరాలు టైపు చేస్తారు. ఖాళీ గడిని మొదటిసారి నింపినపుడు అడగకుండా, ఉన్న విలువను మార్చినపుడు మాత్రమే అడగడం ఆచరణయోగ్యం. మంచి ప్రయోగశాల పద్ధతుల సూత్రాలు కోరేది కూడా ఇదే: పాత నమోదు కనుమరుగు కాకూడదు, మార్పుకు కారణం, తేదీ, మార్చిన వారి గుర్తింపు ఉండాలి.

ఈ ఏర్పాటు పరిమితులను దాచరాదు. మాక్రోలను అనుమతించకుండా ఫైలు తెరిచినచో ఏదీ నమోదు కాదు. బ్రౌజరులో తెరిచే ఎక్సెల్‌లో ఈ మాక్రోలు నడవవు. ఫైలును భద్రపరచకుండా మూసినచో నమోదులూ పోతాయి. మాక్రో గడిలో వ్రాసిన ప్రతిసారీ వినియోగదారు అన్‌డూ సౌకర్యాన్ని కోల్పోతాడు. నమోదు షీటును పూర్తిగా దాచినా, మాక్రో ఎడిటర్ తెలిసినవారు దానిని తెరవగలరు. అందువలన ఇది నిజాయితీగా పనిచేసేవారి పొరపాట్లను పట్టే సాధనమే గాని, ఉద్దేశపూర్వకంగా దత్తాంశాన్ని మార్చేవారి నుండి రక్షణ కాదు.

గూగుల్ షీట్స్‌లో ఆన్ఎడిట్ అన్న ట్రిగ్గర్ ఇటువంటి పనే చేస్తుంది. ఒకే గడిని మార్చినపుడు పాత విలువను తానే అందిస్తుంది. అనేక గడులను అతికించినపుడు అందించదు. స్క్రిప్టు వ్రాసిన మార్పులకు, సూత్రాల పునర్గణనకు అది నడవదు. ఉమ్మడిగా వాడే మైక్రోసాఫ్ట్ 365 ఫైళ్లలో షో ఛేంజెస్ సౌకర్యం గడుల మార్పులను 60 రోజుల వరకు చూపుతుంది. ఖరీఫ్ ప్రయోగం నారుమడి నుండి కోత వరకు అంతకంటే ఎక్కువ కాలం సాగుతుంది కనుక దాని మీదనే ఆధారపడడం చాలదు.

వాడకానికి ముందు పరీక్ష

మాక్రోను అసలు దత్తాంశం మీద ప్రయోగించే ముందు పత్రం నకలు మీద పరీక్షించాలి. ఒక గడిలో టైపు చేయడం, అదే విలువను మరల టైపు చేయడం, పది గడులను అతికించడం, క్రిందికి లాగి నింపడం, తుడిచివేయడం, క్రమబద్ధీకరించడం, వరుసను చేర్చడం, మాక్రో నడపడం, ఎఫ్9తో పునర్గణన చేయడం, ప్రామాణిక తేమ గడిని మార్చడం అన్న పది పనులను వరుసగా చేసి, ప్రతిదానికి నమోదు పట్టికలో ఏమి చేరినదో వ్రాసికోవాలి. ఈ పది ఫలితాల పట్టికను సిద్ధాంత వ్యాసం దత్తాంశంతో పాటు భద్రపరచినచో, తరువాత వచ్చే పరిశోధకుడు ఆ నమోదులను ఎంత మేరకు నమ్మవచ్చునో తెలిసికొంటాడు.

చివరి సాక్ష్యం ఎప్పుడూ ఫీల్డు పుస్తకమే. నమోదు పట్టిక 10.8 ఎప్పుడు 11.8గా మారినదో చెప్పగలదు. త్రాసు మీద ఉన్నది ఏదో చెప్పలేదు. అది చెప్పేది మడి వద్ద వ్రాసిన పుట. మార్పు మూలం తెలిసినపుడు ఏ పుటను తెరిచి చూడాలో తెలుస్తుంది. తెలియనపుడు పుస్తకమంతా తిరిగి చదవవలసి వస్తుంది, లేదా ఎవరూ చదవరు. హెక్టారుకు 114 కిలోల తేడా విశ్లేషణ పట్టికలో చిన్న అంకె. ఎకరాకు అది సుమారు 46 కిలోలు. ఆ అంకెను నమ్మి ఎరువు కొనే రైతుకు అది దాదాపు ఒక బస్తా ధాన్యం.